‘ఎల్ అపాయింట్‌మెంట్’ అనడం తప్పా? విన్నది విన్నట్టు రాస్తే మార్కులు కోస్తున్నారు

తార్నాక అమ్మాయి:

అందరికీ నమస్కారం. కాస్త పొడవైన ప్రశ్న ఇది. వారం రోజులుగా మనసులో నలుగుతోంది కాబట్టి మొత్తం చెప్పుకుంటాను.

మాదాపూర్‌లో ఒక ఆఫీసులో స్పానిష్ కాల్స్ విని టైపు చేసే పని నాది. అమెరికాలో, ఎక్కువగా టెక్సస్‌లో ఉండేవాళ్ళు ఆసుపత్రి బిల్లుల గురించీ బీమా గురించీ ఫోన్లో మాట్లాడిన రికార్డింగులు మాకు వస్తాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒక్కో వాక్యాన్ని మూడు నాలుగు సార్లు వెనక్కి తిప్పి విని, టైమ్ స్టాంపు పెట్టి రాయాలి. మాకిచ్చిన నియమాల్లో మొట్టమొదటిది: విన్నది విన్నట్టు రాయండి, సరిదిద్దవద్దు. ఆ నియమమంటే నాకు ఎంతో ఇష్టం. ముక్కూ మొహం తెలియని ఒక మనిషి తన కష్టం చెప్పుకుంటున్నప్పుడు ఆమె మాట ఆమె మాటగానే కాగితం మీదికి రావాలి.

ఫోన్ చేసేవాళ్ళలో చాలామంది ఇంట్లో స్పానిష్, బడిలో ఇంగ్లీషు వింటూ పెరిగినవాళ్ళు. వాక్యం స్పానిష్‌లోనే నడుస్తుంది, ఉన్నట్టుండి ఒక ఇంగ్లీషు నామవాచకం వచ్చి కూర్చుంటుంది. మనం ‘రేపు మీటింగ్ ఉంది’ అన్నంత సహజంగా. అయితే మనకు లేని చిక్కు వాళ్ళకు ఒకటుంది. స్పానిష్‌లో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది. పుంలింగమైతే ముందు ‘ఎల్’, స్త్రీలింగమైతే ‘లా’. బల్లకూ లింగమే, తలుపుకూ లింగమే. ఇంగ్లీషు మాటకేమో లింగం లేదు. మరి దాని ముందు ఏది పెట్టాలి?

పోయిన వారం ఒక ఫైలులో ఒకావిడ ‘తెంగో ఎల్ అపాయింట్‌మెంట్ ఎల్ మార్తెస్’ అంది. మంగళవారం తనకు అపాయింట్‌మెంట్ ఉందని. (మనిషిని గుర్తుపట్టే వివరాలేవీ ఇక్కడ రాయడం లేదు.) నేను అలాగే టైపు చేశాను. క్వాలిటీ చూసే ఆయన ఎర్ర గీత పెట్టి, ‘లా’ అని మార్చి, ఒక మార్కు కోశారు. కారణం ఏమని రాశారంటే, అపాయింట్‌మెంటుకు స్పానిష్‌లో ‘సీతా’ అనే మాట ఉంది, అది స్త్రీలింగం, కాబట్టి ఇంగ్లీషు మాటకు కూడా ‘లా’ రావాలి. మరో ఫైలులో ‘ఎల్ పాస్‌వర్డ్’ అని ఉంటే దానికీ ఇదే వివరణ. పాస్‌వర్డుకు స్పానిష్ మాట ‘కోంత్రసేన్యా’, అదీ స్త్రీలింగమే. ఇంకో చోట ‘లోస్ బిలెస్’, అంటే బిల్లులు (‘ఎల్’కు బహువచనం ‘లోస్’). దానికీ గీత పడింది.

సీతా స్త్రీలింగమని తెలియక నేను ‘ఎల్’ రాయలేదు. స్పానిష్ నేర్చుకున్న మొదటి నెలలోనే ఆ మాటను సీతమ్మ తల్లి పేరుతో ముడివేసి గుర్తుపెట్టుకున్నాను, జన్మలో మరచిపోను. ఆవిడ ‘ఎల్’ అంది కాబట్టి ‘ఎల్’ రాశాను.

ఆ తర్వాత నాకే అనుమానం పట్టుకుంది. ఆవిడకు స్పానిష్ సరిగా రాక అలా అందేమో? మా అమ్మ సంగతి గుర్తొచ్చింది. మా ఇంటి కింద ఇరానీ హోటల్ ఉంది. అమ్మ అక్కడి అబ్బాయితో ‘చాయ్ ఠండా హోగయా’ అంటుంది. చాయ్ హిందీలో స్త్రీలింగం, ‘ఠండీ హోగయీ’ అనాలి. ముప్ఫై ఏళ్ళుగా సికింద్రాబాద్‌లో ఉంటున్నా అమ్మకు అన్నీ ‘గయా’లే. టెక్సస్ ఆవిడది కూడా ఇలాంటి సంగతేనా? అదే అయితే ఆయన దిద్దుబాటుకు కాస్త అర్థం ఉంది. కాకపోతే ఆ ‘ఎల్’ ఎక్కడి నుంచి వచ్చింది? పైగా అవే గొంతులు ‘లా త్రోకా’ అంటూ ట్రక్కుకు స్త్రీలింగం ఇవ్వడం విన్నాను. దీని వెనక ఒక పద్ధతి ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి. ఒక్కో ఫైలు మీద అభ్యంతరం చెప్పుకోవడానికి మాకు పది రోజులే గడువు.


మల్కాజిగిరి హిందీ మాస్టారు:

అమ్మా, నాకు స్పానిష్ రాదు. కానీ నీ ప్రశ్న చదువుతుంటే ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు పిల్లలకు హిందీ చెప్పిన నా తరగతి గది కళ్ళ ముందు కదిలింది. ఏటా ఏదో ఒక పిల్లవాడు లేచి అడిగేవాడు: ‘మాస్టారూ, బస్ ఆయీ అంటున్నారు, ట్రక్ ఆయా అంటున్నారు, రెండూ ఇంగ్లీషు మాటలే, రెంటికీ చక్రాలే, ఎందుకీ తేడా?’ బస్సు, ట్రైను, కారు ‘గాడీ’ కాబట్టి స్త్రీలింగమని చెప్పి తప్పించుకునేవాణ్ణి. మరి ట్రక్కు గాడీ కాదా? పాఠశాల స్త్రీలింగం, స్కూలు పుంలింగం. అనువాదం చూసి లింగం ఇస్తారనే సూత్రం సగం దూరం నడిచి ఆగిపోతుంది. మీ క్వాలిటీ ఆయన పట్టుకున్నది ఆ సగం సూత్రమే అనిపిస్తోంది.

నాకు బాగా నచ్చిన ఉదాహరణలు పోర్చుగీసు వాళ్ళ నుంచి వచ్చిన మాటలు. పోర్చుగీసు స్పానిష్‌కు సొంత చెల్లెలు లాంటిది కాబట్టి నీకు పనికొస్తాయి. బీరువాకు వాళ్ళ మాట ‘అర్మారియో’, పుంలింగం. అది హిందీలోకి వచ్చి ‘అల్మారీ’ అయింది, చివర ఈకారం చేరింది, స్త్రీలింగమైపోయింది. బకెట్టుకు ‘బాల్దే’, అదీ పుంలింగమే. ఇక్కడ ‘బాల్టీ’ అయి స్త్రీలింగమైంది. తువ్వాలు కథ తలకిందులు. అక్కడ ‘తొఆల్యా’ స్త్రీలింగం, హిందీలో ‘తౌలియా’, చివర ఆకారం కాబట్టి పుంలింగం. ఈ మూడింటిలో ఏ మాటా పుట్టింటి లింగాన్ని మూట కట్టుకుని తెచ్చుకోలేదు. వచ్చిన ఇంట్లో తన చివరి అక్షరం ఎలా వినిపించిందో దాన్ని బట్టి చోటు దొరికింది.

మీ అమ్మగారి ‘ఠండా హోగయా’ గురించి ఒక్క మాట. మన తెలుగువాళ్ళం ఇలా ఎందుకు తడబడతామో తరగతిలో చెప్పేవాణ్ణి. తెలుగులో ‘అమ్మ వచ్చింది, పిల్లి వచ్చింది, బస్సు వచ్చింది’, క్రియ ఒకటే. ‘నాన్న వచ్చాడు’ దగ్గరే మారుతుంది. బహువచనానికి వచ్చేసరికి అమ్మలు ‘వచ్చారు’ అని మనుషుల వైపు వెళతారు, పిల్లులు, బస్సులు ‘వచ్చాయి’ దగ్గర ఆగిపోతాయి. మన వ్యాకరణం మనిషా కాదా, మగవాడా కాదా అని మాత్రమే అడుగుతుంది. బల్ల ఆడదా మగదా అని అడగడం మన చెవికి అలవాటు లేదు. ఏ ఇంగ్లీషు వస్తువు తెలుగులోకి వచ్చినా కళ్ళు మూసుకుని ‘అది వచ్చింది’ అంటాం. అందుకే నీకు ఆ రికార్డింగుల్లో ఎల్, లా అంత స్పష్టంగా వినిపిస్తున్నాయేమో. మనకు లేనిదాన్ని మనం శ్రద్ధగా వింటాం.


స్పానిష్ అనువాదకుడు:

మీ ఆఫీసు ఆయన మాట పూర్తిగా కొట్టిపారేయలేను. మేము స్పానిష్ నేర్చుకున్నప్పుడు కూడా విదేశీ పదానికి సమానమైన స్పానిష్ పదం ఏ లింగమో అదే ఇవ్వమని చెప్పారు. చదివేవాడికి పద్ధతిగా ఉంటుంది. ఒక్కొక్కరు ఒక్కో రకంగా అంటారని అన్నీ రాసుకుంటూ పోతే చివరికి ఏది సరైనదో తెలియకుండా పోతుంది.


తార్నాక అమ్మాయి:

మాస్టారూ, అల్మారీ కథ చదివి మా ఇంట్లో బీరువా వైపు కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. చాలా సంతోషం.

అనువాదకుడు గారూ, మీరు అనువాదం చేసేటప్పుడు ఆ నియమం సరైనదే. కానీ నా ముందున్నది అనువాదం కాదు. ఒక మనిషి నోటి నుంచి వచ్చిన వాక్యం. అందులో నేను అక్షరం మార్చినా ఆమె అనని మాట ఆమెకు అంటగట్టినట్టే.


భాషాశాస్త్రం విద్యార్థి, ఓయూ:

తార్నాక అమ్మాయి గారూ, మీ ప్రశ్న మీద చాలా పని జరిగింది. నేను చదివినంతలో చెబుతాను.

స్పానిష్ మాట్లాడేవాళ్ళు ఇంగ్లీషు నామవాచకానికి లింగం ఇచ్చేటప్పుడు నాలుగు దారులు కనిపిస్తాయి. మనిషిని చెప్పే మాటైతే గొడవే లేదు. టీచర్ ఆడమనిషి అయితే ‘లా టీచర్’, మగమనిషి అయితే ‘ఎల్ టీచర్’. రెండోది మాట చివరి ధ్వని. మూడోది మీ క్వాలిటీ ఆయన చెప్పిన అనువాదం దారి. ఇవేవీ పట్టనప్పుడు, చాలాసార్లు ఇవి ఉన్నా కూడా, నేరుగా పుంలింగం. అంటే ‘ఎల్’.

చివరి ధ్వని ఎంత బలమైనదో చెప్పడానికి న్యూయార్క్‌లో ఒక చోటు ఉంది. తూర్పు హార్లెమ్‌లో, పార్క్ అవెన్యూ మీదుగా వెళ్ళే రైలు వంతెన కింద 1936లో ఒక బజారు కట్టారు. చుట్టుపక్కల స్థిరపడిన ప్యూర్టోరికో వాళ్ళు దాన్ని ‘లా మర్కేతా’ అన్నారు. ఇంగ్లీషు మార్కెట్టే అది. బజారుకు అసలు స్పానిష్ మాట ‘మెర్కాదో’, శుద్ధ పుంలింగం. అనువాదమే నియమమైతే దానికి ‘ఎల్’ రావాలి. కానీ చివర ఆకారం చేరింది, ‘లా’ వచ్చింది, ఈరోజుకీ ఆ బజారు పేరు అదే. పెరటికి ‘లా యార్దా’ అనడమూ ఇలాంటిదే, స్పానిష్‌లో పెరడు ‘పాతియో’, పుంలింగం. మాస్టారు గారి అల్మారీకి ఇవి తోబుట్టువులు. మీరు విన్న ‘లా త్రోకా’ను కూడా ఆ చివరి ఆకారంతోనే చూడవచ్చు.

షానా పోప్లాక్, మరో ఇద్దరు కలిసి 1982లో ప్రచురించిన పరిశోధన న్యూయార్క్ ప్యూర్టోరికో వాళ్ళ స్పానిష్ గురించే. మాంట్రియల్ ఫ్రెంచిని కూడా పక్కన పెట్టి చూశారు. ఒక అరువు మాటకు లింగం ఇచ్చేటప్పుడు ఎన్నో శక్తులు పోటీ పడతాయి, కానీ ఒకసారి ఇచ్చాక ఆ సమాజమంతా దాదాపు ఒకే మాట మీద ఉంటుందని తేల్చారు. ‘లోస్ బిలెస్’ అలా స్థిరపడిన మాట. దాన్ని దిద్దడమంటే మన ‘బస్సు’ను దిద్దినట్టు.

‘ఎల్ అపాయింట్‌మెంట్’ సంగతి వేరు. అది అరువు మాటగా ఇంకా స్థిరపడలేదు, అప్పటికప్పుడు ఇంగ్లీషులోకి దాటడం. వేల్స్‌లోని బాంగర్ విశ్వవిద్యాలయం వాళ్ళు మయామీలో రెండు భాషల వాళ్ళ మామూలు కబుర్లు రికార్డు చేసి అందరికీ అందుబాటులో పెట్టారు. అందులో స్పానిష్ ఆర్టికల్, దాని వెనక ఇంగ్లీషు నామవాచకం వచ్చిన చోట్ల ‘ఎల్’దే రాజ్యం. అనువాదం స్త్రీలింగమైనా సరే ఎక్కువగా ‘ఎల్’ అంటారు. ‘లా’ అరుదు, వచ్చినా సాధారణంగా అనువాదం స్త్రీలింగమైన మాటల ముందే వస్తుంది. అనువాదకుడు గారు చెప్పిన పద్ధతి కూడా ఉత్తదేమీ కాదు. స్పానిష్ ఒక్కటే ఇంటి భాషగా పెరిగినవాళ్ళను కూర్చోబెట్టి ఏది బాగుందని అడిగితే అనువాదం లింగం వైపే మొగ్గుతారు. రెండు భాషలు కలిపి మాట్లాడుతూ బతికేవాళ్ళ అలవాటు అది కాదు, అంతే.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది వాల్దేస్ క్రోఫ్, పావోలా దుస్సియాస్, వాళ్ళ సహచరులు 2017లో ప్రచురించిన ప్రయోగం. తెర మీద బొమ్మలు పెట్టి, వాక్యం వినిపించి, కళ్ళు ఎప్పుడు ఏ బొమ్మ మీదికి వెళుతున్నాయో యంత్రంతో కొలిచారు. ‘లా’ వినగానే, నామవాచకం రాకముందే స్త్రీలింగం బొమ్మ వైపు చూపు వెళితే, ఆ చిన్న మాట వినేవాడికి ముందస్తు కబురు అందించినట్టు. భాషలు కలిపి మాట్లాడే మనుషులకు ఆ సాయం స్త్రీలింగం మాటల దగ్గరే దొరికింది. ‘ఎల్’ వింటే వాళ్ళు తొందరపడలేదు, దాని వెనక ఏ మాటైనా రావచ్చని వాళ్ళకు తెలుసు. అచ్చమైన స్పానిష్ వాక్యాలు వింటున్నప్పుడు కూడా వాళ్ళలో ఈ తేడానే కనిపించింది.

అంటే వాళ్ళ మధ్య ‘ఎల్’ తలుపు తెరిచి పెట్టినట్టు, ‘లా’ ఒక గురుతు చూపినట్టు. ఆవిడ ‘ఎల్’ అన్నచోట మీ ఆఫీసు ‘లా’ అని మార్చితే, ఆమె ఇవ్వని గురుతును ఆమె నోట పెట్టినట్టు అవుతుంది. నా అభ్యంతరం అక్కడే.

పుంలింగమే ప్రపంచమంతా దిక్కు అనుకోకండి. స్పెయిన్‌లో బాస్క్ మాట్లాడేవాళ్ళు స్పానిష్ వాక్యంలో బాస్క్ నామవాచకం కలిపినప్పుడు మొగ్గు ‘లా’ వైపు ఉంటుంది. బాస్క్‌లో కూడా లింగం లేదు. కానీ ఆ భాషలో నామవాచకాలకు చివర ‘ఆ’ అనే ప్రత్యయం తరచు చేరుతుంది, స్పానిష్ చెవికి అది స్త్రీలింగంలా వినిపిస్తుంది. మనం తెలుగులో అన్నిటినీ ‘వచ్చింది’లో వేసినట్టు, ఏ సమాజం దారి ఆ సమాజానిది.

ఇక మీ అమ్మగారి చాయ్. రెంటినీ ఒకే గాటన కట్టవద్దు. చాయ్ హిందీ మాట. దాని లింగం అమ్మగారి చెవిన పడలేదు. మయామీ వాళ్ళు ‘ఎల్ మేసా’ అనరు. మేసా అంటే బల్ల, స్పానిష్ మాట కాబట్టి ఠంచనుగా ‘లా మేసా’ అంటారు. ఇంగ్లీషు మాట దగ్గర మాత్రమే ‘ఎల్’ వస్తుంది. తెలియకపోవడానికీ అలవాటుకూ తేడా ఇక్కడ పట్టుకోవచ్చు. మీ ఫైలు ఇంకా మీ దగ్గర ఉంటే ఆవిడ స్పానిష్ నామవాచకాలకు ఏ ఆర్టికల్ వాడిందో వినండి.


తార్నాక అమ్మాయి:

మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాయదుర్గం మెట్రోలో వెళుతూ మీ జవాబు రెండుసార్లు చదివాను. ఆఫీసుకు వెళ్ళగానే మొదట ఆ ఫైలే తెరిచాను.

రెండో నిమిషంలో ‘తెంగో ఎల్ అపాయింట్‌మెంట్’ అంది కదా. అప్పుడు నేను ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయి గొడవపడ్డాను. ఈసారి చివరిదాకా విన్నాను. ఆరో నిమిషం దాటాక ఆవిడ గొంతు కాస్త తగ్గింది, అలసిపోయినట్టుంది, పోయినసారి జరిగింది చెబుతోంది: ‘మే కాన్సెలారోన్ లా సీతా’. నాకు ఇచ్చిన అపాయింట్‌మెంటును వాళ్ళే రద్దు చేశారు అని. లా సీతా. తడబాటు లేదు. నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నాను, అదే.

అదే మనిషి, అదే కాల్, అదే అర్థం. స్పానిష్ మాటకు లా, ఇంగ్లీషు మాటకు ఎల్. ఆవిడకు లింగం తెలియకపోతే ఈ రెండోది ఎలా వస్తుంది? కాసేపు హెడ్‌ఫోన్లు తీయకుండా అలాగే కూర్చున్నాను. ఒక వారం పాటు ఆవిడ భాషను అనుమానించినందుకు బాధ కలిగింది.

అభ్యంతరం పత్రంలో ఎక్కువేమీ రాయలేదు. రెండు టైమ్ స్టాంపులు పక్కపక్కన పెట్టి, రెండు వాక్యాలూ రాసి, ‘దయచేసి రెండూ వినండి, మాట్లాడిన మనిషి ఎలా అన్నదో అలాగే ఉంచండి’ అన్నాను. ‘లోస్ బిలెస్’ మీద విడిగా ఇంకొకటి పెట్టాను. పాస్‌వర్డ్ ఫైలు గడువు దాటిపోయింది. అది దక్కలేదు.


మల్కాజిగిరి హిందీ మాస్టారు:

చాలా మంచి పని చేశావమ్మా. పాస్‌వర్డ్ ఫైలుకు గడువు దాటినా ఆయనకు నోటితో అయినా చెప్పి చూడు. ఆయన కూడా ఆ ఆరో నిమిషం వింటే మనసు మార్చుకోవచ్చు. ఏమన్నారో వచ్చి ఇక్కడ రాయి, ఎదురుచూస్తుంటాను.